పది చుక్కల తాళం

ఆ లాండ్రీలో కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటి రోజు యంత్రాలు చూపించరు. చేతులు చూపిస్తారు. మేస్త్రీ వాళ్ళని గుమ్మం దగ్గరే వరసగా నిలబెట్టి, చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి, రెండు అరచేతులూ వాళ్ళ ముక్కుల ముందుకి చాపి లెక్కపెట్టమంటాడు. కుర్రకారు నవ్వుతారు. నవ్వినా సరే, లెక్కపెట్టాల్సిందే. పైకి, వినపడేట్టు, ఒకటి నుంచి పదిదాకా.

"ముప్ఫై ఒక్కేళ్ళ కింద పదితో వచ్చాను. పదితోనే ఇంటికెళ్తాను. నాకు చదువబ్బలేదు. నా సర్టిఫికెట్లు ఇవే" అంటాడు.

అందుకే ఆయనకి పదివేళ్ళ మేస్త్రీ అని పేరు. అందరికీ ఉండేవి పదే కదా, ఇందులో గొప్పేముందని బయటివాళ్ళు అనుకుంటారు. ఇస్త్రీ రోలరు ముందు ఒక్క పూట నిలబడినవాళ్ళు మాత్రం అనుకోరు.

లాండ్రీ అంటే నాలుగు చొక్కాలు ఉతికి మడతపెట్టే కొట్టు కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు రోజూ వ్యాన్లలో గుట్టలుగా వచ్చిపడే పెద్ద షెడ్డు. ఒక పక్క మనిషి నిలువునా పట్టేంత ఉతుకు డ్రమ్ములు, ఇంకో పక్క గుయ్యిమంటూ తిరిగే ఆరబెట్టే యంత్రాలు. నడిమధ్య, బస్సంత పొడవున, ఇస్త్రీ రోలరు. దాని లోపల ఆవిరితో కాగే మూడు ఇనుప గొట్టాలు, ఒక్కొక్కటీ చెట్టు మానంత లావు. ముందువైపు ఇద్దరు తడి దుప్పటి అంచులు పట్టి అందిస్తే, అది ఆ మూడింటి మధ్యా మెలికలు తిరిగి వెనకవైపు పెళపెళలాడుతూ బయటికొస్తుంది. దుప్పటి వెళ్ళే దారిలో వేలు కూడా వెళ్ళగలదు. రోలరుకి ఆ రెండింటికీ తేడా తెలియదు.

కొత్తవాళ్ళ మొదటి వారమంతా మేస్త్రీ వాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంటాడు. ఉంగరాలు, గాజులు ఇంటి దగ్గరే వదిలి రమ్మంటాడు. జుట్టు టోపీలోకి పోవాలి, చున్నీ కొక్కేనికి పోవాలి. ఆసుపత్రి మూటని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకోకూడదు, ఏ దుప్పటి మడతలో ఏ సూది మరిచిపోయి పంపారో ఎవరికి తెలుసు. నేల మీద నీళ్ళు కనపడితే తుడిచేవాళ్ళు వేరే ఉన్నారని దాటిపోకూడదు, చూసినవాళ్ళే తుడిచేవాళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం, తెలియని పనికి తెలియదు అని చెప్పడం. "షెడ్డు కట్టించింది యజమాని, కాపాడాల్సింది ఆయనే అని చేతులు ముడుచుకుని కూర్చోకండి. యజమాని బాధ్యత యజమానిది. మీ చేతులు మటుకు మీవే" అనేవాడు. చెప్పిన మాటే చెప్పి ప్రాణం తీస్తాడని పిల్లలు చాటుగా విసుక్కునేవాళ్ళు. ఆయనకి తెలుసు. విసుక్కున్న మాట మరిచిపోరని కూడా తెలుసు.

రెండో రోజు తాళాలు. ఒక్కొక్కరికీ ఒక్కో తాళంకప్ప, దానికి ఒకే ఒక్క తాళంచెవి ఇస్తారు. రెండోది చేయించరు. ఆవిరికి కాగితం పేర్లు నిలవవు కాబట్టి ఎవరి తాళం మీద వాళ్ళు రంగుతో గుర్తు వేసుకోవాలి. మేస్త్రీ తాళం మీద పది ఎర్ర చుక్కలుంటాయి. పని లేనప్పుడు తాళాలన్నీ రోలరు ముందువైపు గోడకున్న బోర్డు మీద కొక్కేలకి వేలాడుతుంటాయి. పక్కనే రోలరు మెయిన్ స్విచ్చి, దానికి ఆరు కన్నాల ఇనుప గొళ్ళెం. యంత్రంలో చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు స్విచ్చి దించి, గొళ్ళెం కన్నంలో ఎవరి తాళం వాళ్ళు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ముగ్గురు లోపలికెళ్తే మూడు తాళాలు. ఆ మూడూ ఊడితే తప్ప స్విచ్చి లేవదు. కొక్కేనికి ఉన్న తాళం తాలూకు మనిషి బయట ఉన్నట్టు. గొళ్ళానికి ఉన్న తాళం తాలూకు మనిషి లోపల ఉన్నట్టు. అంతకు మించి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

"తాళంచెవి పళ్ళ బ్రష్షు లాంటిది. ఎంత ప్రేమున్నా అరువివ్వం, అరువడగం" అనేవాడు మేస్త్రీ. ఆ మాటకి ప్రతి ఏడూ అందరూ నవ్వేవాళ్ళు.

ఆ లాండ్రీలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరికైనా దెబ్బ తగలబోయి తప్పిపోతే, హమ్మయ్య అని ఊరుకోరు. ఆ మనిషే తన చేత్తో, ఎర్ర కలంతో, ఒక లావుపాటి పుస్తకంలో రాయాలి. దాన్ని తప్పిన గండాల పుస్తకం అంటారు. సోమవారం పొద్దున పని మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా చదువుతారు. ఎవరూ తిట్టరు, జరిమానా ఉండదు. ఆ పుస్తకంలో షెడ్డులో అందరి పేర్లూ ఉన్నాయి. మేనేజరు పేరు కూడా రెండుసార్లుంది. పదివేళ్ళ మేస్త్రీ పేరు ఒక్కసారి కూడా లేదు.

ఆయనకది లోలోపలి గర్వం. పైకి అనేవాడు కాదు, కానీ సోమవారం పుస్తకం మూసేటప్పుడు అట్ట మీద ఓసారి చెయ్యేసి నిమిరేవాడు. చిరిగిన దుప్పట్లు కుట్టే కుట్టక్క మాత్రం చూసీ చూడనట్టు ఊరుకునేది కాదు. ఆయనకన్నా ఏడాది ముందు చేరిన మనిషి. ఆయన్ని తమ్ముడూ అని పిలిచి మరీ మాట విసిరేది.

"రాసిన గండాలు పుస్తకంలో ఉంటాయి తమ్ముడూ. రాయనివి పైవాడికెరుక."

"నువ్వు దారం తెంచుకోకుండా కుట్టుకో అక్కా" అనేవాడాయన.

ఆ ఏడాది మేస్త్రీకి ఆఖరి ఏడాది. నెలాఖరుకి రిటైరు. ఆఖరిగా చేతికొచ్చినవాళ్ళు నలుగురు. అందులో ఒక పొడుగాటి కుర్రాడు, గుమ్మం దాటిన ప్రతిసారీ తల తడుముకునేవాడు. వాణ్ణి అందరూ పొడుగూ అనేవాళ్ళు. వాడి నోరు వాడికన్నా పొడుగు. ఇంకో అమ్మాయి ఉంది, ఎనిమిదో తరగతిలో బడి ఆగిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల. ఏది చెప్పినా తలూపి వెళ్ళి చేసుకొచ్చేది. తన బరువుకి రెండింతల మూటని మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి, మేస్త్రీ చూపించినట్టే లేపడం చూసి కుట్టక్క చీమ అని పేరు పెట్టింది. ఆ పేరు ఆ పిల్లకీ నచ్చినట్టుంది. తన తాళం మీద నల్లరంగుతో చిన్న చీమని వేసుకుంది.

మేస్త్రీ వీడ్కోలుకి కుట్టక్క ఒక తెల్ల దుప్పటి మీద ఎర్రదారంతో పెద్ద పెద్ద అక్షరాలు కుడుతోంది. ఎవరికీ చూపించనంటూనే అందరికీ చూపించింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఒక్క గీతా లేదు." గీత అంటే పుస్తకంలో ఎర్రగీత. చూసి మేస్త్రీ ముఖం తిప్పుకుని పనిలో పడ్డాడు. ఇంటికెళ్ళి భార్యతో మాత్రం మూడుసార్లు చెప్పాడు. మూడోసారి ఆవిడ, "ఆ దుప్పటి మన మంచమ్మీద పరుస్తారా ఏంటి" అంది.

వీడ్కోలు ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక గురువారం పదకొండు గంటల వేళ, రోలరులో దుప్పటి చిక్కుకుంది.

ఆసుపత్రి పాత దుప్పటి. మధ్యలో చిరిగి సగం ముక్క మొదటి గొట్టానికి చుట్టుకుంది, సగం వెనక్కి పోయి మూడో గొట్టం కింద ఇరుక్కుంది. బయట వ్యాను వచ్చి నిలబడి ఉంది. చీమ ముందువైపు ఉంది. ఎవరూ చెప్పకముందే ఆపింది, స్విచ్చి దించింది, తన తాళం వేసింది, మీట నొక్కి రోలరు కదలట్లేదని చూసుకుంది. మేస్త్రీ వెనకవైపునుంచే ఒక్కొక్కటీ గమనించి లోలోపల సంతోషించాడు. గొట్టాలు చల్లబడడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వ్యాను డ్రైవరు నాలుగుసార్లు హారను కొట్టాడు.

వెనక రేకు విప్పడానికి మేస్త్రీ నేలమీద కూర్చున్నాడు. నెల రోజులుగా ఆయన కుడి మోకాలు సతాయిస్తోంది. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు. రేకు విప్పాక గుర్తొచ్చింది, తన తాళం ఇంకా కొక్కేనికే ఉందని. బోర్డు బస్సంత యంత్రానికి అవతలి చివర. అప్పుడే చీమ బోల్టులు విప్పే పానా కోసం వెనక్కి వచ్చింది.

మేస్త్రీ జేబులోంచి తాళంచెవి తీసి చాపాడు.

"నా తాళం కూడా నువ్వే వేసెయ్యమ్మా. ఈ మోకాలు లేవనంటోంది."

చీమ చెయ్యి చాపలేదు. తాళంచెవిని చూసింది, ఆయన ముఖం చూసింది, మళ్ళీ తాళంచెవిని చూసింది.

"తీసుకో. వ్యాను నిలబడి ఉందక్కడ."

"మీరే..." అంది చీమ.

"ఏంటి మీరే?"

"మీ తాళం మీరే వేసుకోవాలి కదండీ."

చుట్టుపక్కల ఎవరూ లేరు. ఉంటే నవ్వి లేచేవాడేమో. ఎవరూ లేకపోబట్టే కోపమొచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, తను నేర్పిన మాట తనకే అప్పజెబుతోంది. "నీ తాళం ఉందిగా గొళ్ళానికి, అది చాలు నాకు. ముప్ఫై ఒక్కేళ్ళుగా వేస్తున్నాను, నువ్వు చెప్పాలా? పో, పోయి ముందువైపు ముక్క లాగు" అన్నాడు. చీమ పానా తీసుకుని తలొంచుకుని వెళ్ళిపోయింది. మేస్త్రీ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎడమచేత్తో నేల ఆనుకుని, కుడిచెయ్యి మోచేతిదాకా మూడో గొట్టం కిందికి పోనిచ్చాడు.

గుడ్డ బాగా లోతుకి పోయింది. వేళ్ళతో వెతికి కొస పట్టుకున్నాడు. మెల్లిగా లాగుతున్నాడు. అంతలో ముందువైపునుంచి మేనేజరు గొంతు వినపడింది. మేనేజరు మేస్త్రీకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న. మంచివాడే, కానీ వ్యాను హారను వింటే మనిషి మారిపోతాడు.

ముక్క వచ్చేసిందిగా, ఇంకా ఎందుకు ఆపారని అడుగుతున్నాడు. చీమ ఏదో అంది. ఆ పిల్ల మాట ఎప్పుడూ పక్కవాళ్ళకే వినపడదు, ఇంత దూరం ఏం వినపడుతుంది. మేనేజరు మాటలు మాత్రం స్పష్టంగా వినపడ్డాయి.

"లోపల ఎవరూ లేరుగా. గొళ్ళానికి ఒకటే తాళం ఉంది, నీది. మేస్త్రీ తాళం అదిగో కొక్కేనికే ఉంది. టీకి వెళ్ళుంటాడు. నీ పని అయింది, నీ తాళం నువ్వు తీసెయ్."

మేస్త్రీ వేళ్ళు గుడ్డ మీద అలాగే ఆగిపోయాయి. మేనేజరు అన్నదాంట్లో తప్పేమీ లేదు. కొక్కేనికి తాళం ఉంటే మనిషి బయట ఉన్నట్టు. ఈ లెక్క నేర్పింది తనే. ఆ లెక్క ప్రకారం, ఇక్కడ నేలమీద, ఇనుప గొట్టం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి లేనే లేడు.

"తియ్యనండీ." ఈసారి చీమ మాట వినపడింది.

"తియ్యవా? నెలాఖరుకి నీ ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టేది ఎవరనుకున్నావమ్మా? సరే, నా గదిలో కట్టరుంది. తాళం కోసేస్తాను."

గట్టిగా ఒక్క కేక వేస్తే చాలు. నేనున్నాను అని రెండు ముక్కలు. ఆ కేక మేస్త్రీ గొంతుదాకా వచ్చింది. కానీ కేక వేస్తే, పదివేళ్ళ మేస్త్రీ తాళం వెయ్యకుండా రోలరులో చెయ్యి పెట్టాడని షెడ్డంతా తెలుస్తుంది. పన్నెండు రోజులే ఉంది. తెల్ల దుప్పటి మీద ఎర్ర అక్షరాలు కళ్ళముందు కదిలాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన నోరు మూసుకున్నాడు. మేనేజరు బూట్ల చప్పుడు ఆఫీసు గదివైపు వెళ్ళడం వినపడింది. అప్పుడు గుడ్డ వదిలేసి చెయ్యి లాక్కున్నాడు. మోచెయ్యి రేకుకి గీసుకుంది. యంత్రం పట్టుకుని లేచి, కుంటుకుంటూ ముందువైపుకి నడిచాడు.

చీమ గొళ్ళెం ముందు నిలబడి ఉంది. తన తాళాన్ని రెండు అరచేతులతో కప్పి పట్టుకుంది. ఆయన్ని చూసి కూడా చేతులు తియ్యలేదు. మేస్త్రీ ఆ పక్కనుంచే తన పది చుక్కల తాళం కొక్కెం నుంచి తీసి, గొళ్ళెం కన్నంలో వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. కట్టరు పట్టుకుని వచ్చిన మేనేజరు ఇద్దరినీ, రెండు తాళాలనీ మార్చి మార్చి చూశాడు. చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఓహో, పరీక్ష పెట్టారా మేస్త్రీగారూ? పిల్ల గట్టిదేనండీ. పాసైపోయింది."

మేస్త్రీ అవుననలేదు. కాదనలేదు. నవ్వాడు. నవ్వి, వెనక్కి వెళ్ళి, మిగిలిన గుడ్డ లాగి పని ముగించాడు.

మధ్యాహ్నానికల్లా ఆ పరీక్ష కథ గోరంత కొండంతై షెడ్డంతా తిరిగింది. మేస్త్రీ కావాలనే దాక్కున్నాడట, మేనేజరూ ఆయనా ముందే కూడబలుక్కున్నారట, తాళంచెవి చాపడం ఎవరో దూరంనుంచి చూశారట, అదీ పరీక్షేనట, మేస్త్రీ చెయ్యి అసలు లోపల పెట్టనే లేదట. చీమని అందరూ మెచ్చుకున్నారు. ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పలేదు. మేస్త్రీ ఎదురైతే మాత్రం తల దించుకుని పక్కకి తప్పుకుంటోంది. మెచ్చుకోలు అందుకున్న మనిషిలా లేదు, ఏదో దాచుకున్న మనిషిలా ఉంది.

కుట్టక్క మాత్రం ఆ సాయంత్రం సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది.

"పళ్ళ బ్రష్షు అరువిచ్చావటగా తమ్ముడూ."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నీ మోచెయ్యి చెప్పింది. పరీక్ష పెట్టినవాడికి అక్కడ గీసుకోదు."

మేస్త్రీ మోచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని తనకే అనిపించింది. కుట్టక్క ఒడిలోని తెల్ల దుప్పటి మీద చివరి అక్షరం కుట్టుకుంటూ పోయింది.

పెద్ద విషయం కాదులే, ఏమీ జరగలేదుగా అని ఆయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. శుక్రవారం దాకా ఆ మాట నిలిచింది. శనివారం టీ వేళ గోడవారన కూర్చుని ఉండగా, గోడకి అవతల పొడుగు మిగతా ఇద్దరికీ పాఠం చెబుతున్నాడు. మేస్త్రీలాంటివాళ్ళకి చెయ్యి తిరిగిపోయి ఉంటుందట. వాళ్ళు తాళం వెయ్యకపోయినా ఏమీ కాదట. తాళాలు మనలాంటి పచ్చివాళ్ళకేనట. "పెద్దవాళ్ళు తాళంచెవి ఇచ్చారంటే అది పరీక్షేరా. తీసుకోకూడదు, అంతే. పరీక్ష కాదని తెలిస్తే తీసుకోవచ్చు."

మేస్త్రీ చేతిలో టీ చల్లారిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళుగా చెప్పిన పాఠాన్ని తన ఒక్క నవ్వు అలా తలకిందులు చేసింది. రేపు ఏ పెద్దమనిషో మోకాలు నొప్పని తాళంచెవి చాపుతాడు. అది పరీక్షా కాదా అని ఈ పొడుగు ఆలోచిస్తూ నిలబడతాడు. ఈలోగా అవతల ఎవరో కట్టరు తెస్తారు.

ఆ రాత్రి భోజనం దగ్గర భార్యతో జరిగింది జరిగినట్టు చెప్పాడు. నోరు మూసుకున్న క్షణం కూడా దాచలేదు. ఆవిడ ఆయన కుడిచెయ్యి అందుకుని, బజారులో వంకాయలు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉంది కదా, రాయడానికి పనికొస్తుంది" అంది. తర్వాత మోకాలికి కాపడం పెట్టింది.

సోమవారం పొద్దున అందరూ బోర్డు ముందు చేరారు. ప్రతి వారం పుస్తకం చదివేది మేస్త్రీయే. ఆ రోజు ఆయన చదవడం మొదలుపెట్టకుండా ముందు ఎర్ర కలం తీశాడు. బల్ల మీద వంగి, అందరూ చూస్తుండగానే, నిదానంగా రాశాడు. ఆయన రాతలో అక్షరాలు పెద్దవి. రాశాక నిటారుగా నిలబడి చదివాడు.

"గురువారం పొద్దున పదకొండు. ఇస్త్రీ రోలరు. నా తాళం నేను వెయ్యలేదు. మోకాలు నొప్పని, పని నేర్చుకునే అమ్మాయికి నా తాళంచెవి ఇవ్వబోయాను. ఆ అమ్మాయి తీసుకోలేదు. కోప్పడి పంపేశాను. తాళం లేకుండా మోచేతిదాకా చెయ్యి పెట్టాను. రోలరు వేస్తామన్న మాట వినపడి కూడా, పేరు పోతుందని ఒక్క క్షణం అరవలేదు. అది పరీక్ష కాదు. ఆ అమ్మాయి తన తాళం తియ్యలేదు కాబట్టి నా చెయ్యి ఉంది."

పొడుగు కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకండీ మేస్త్రీగారూ. ఎనిమిది రోజుల్లో వెళ్ళిపోయే మనిషి."

"వెళ్ళిపోయే మనిషిననే బాబూ. నేను వెళ్ళాక ఈ పుస్తకమే కదా ఇక్కడుండేది" అన్నాడు మేస్త్రీ. తర్వాత పొడుగువైపు తిరిగాడు. "ఒరేయ్ పొడుగూ, చెయ్యి ఎంత తిరిగినా ఎముక ఎముకే. రోలరుకి నా సర్వీసు తెలియదు."

గండం ఆపినవాళ్ళు కింద సంతకం పెట్టడం అక్కడి ఆచారం. మేస్త్రీ కలం చాపాడు. ఈసారి చీమ చెయ్యి చాపి తీసుకుంది. సంతకం పెట్టడానికి ఆ పిల్లకి కాస్త సమయం పట్టింది. ఒక్కో అక్షరం విడివిడిగా, బియ్యంలో రాళ్ళేరినట్టు రాస్తుంది. సంతకం అయింది. కానీ కలం తిరిగివ్వలేదు.

"నేనూ ఒకటి రాయాలండీ" అంది.

మేస్త్రీ పక్కకి జరిగి చోటిచ్చాడు. నాలుగు వరసలు రాయడానికి ఆ పిల్లకి పది నిమిషాలు పట్టింది. బయట వ్యాను హారను కొట్టింది, మేనేజరు కూడా కదల్లేదు. చదవమంటే చీమ తలూపింది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. ముందు వరసలో ఉన్నవాళ్ళకి వినపడింది. వెనకవాళ్ళు ముందుకొచ్చి విన్నారు.

"గురువారం. మేస్త్రీగారు తాళం లేకుండా వెనక ఉన్నారని నాకు తెలుసు. పో అంటే వెళ్ళిపోయాను. అక్కడే నిలబడి ఆపాల్సింది. మేనేజరుగారు అడిగినప్పుడు కూడా, మేస్త్రీగారికి మాట వస్తుందని, ఉన్నారని చెప్పలేదు. తాళం తియ్యను అని మాత్రం చెప్పాను. అది చాలదు."

మేస్త్రీకి అప్పుడర్థమైంది. నాలుగు రోజులుగా తల దించుకుని తప్పుకు తిరిగింది ఇందుకా. తన పేరు కోసం తను నోరు మూసుకున్నాడు. అదే పేరు కోసం ఈ పిల్లా నోరు మూసుకుంది. ఒకే గండానికి ఇటు ఒకరు, అటు ఒకరు కాపలా కాశారు. వచ్చి రెండు నెలలు కాకముందే, ఆ పిల్ల ఎవరూ పట్టుకోని తన తప్పుని తనే పట్టుకుని ఎర్ర కలంతో రాసింది. మేస్త్రీకి అందుకు ముప్ఫై ఒక్కేళ్ళు పట్టింది. పుస్తకం తన ముందుకి తిప్పుకుని, ఆ నాలుగు వరసల కింద సాక్షి సంతకం తనే పెట్టాడు.

"ఇంకో పేజీ తిప్పండి. మేనేజరుగారికి చోటు చాలదేమో" అంది వెనకనుంచి కుట్టక్క.

అందరూ నవ్వారు. మేనేజరు గడియారం చూసుకుని వ్యాను దగ్గరకి వెళ్ళిపోయాడు. ఏమీ రాయలేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన గదిలో కట్టరున్న అల్మారాకి తాళం పడింది. దాని పక్కన ఒక కాగితం కూడా అంటించారు. ఇకనుంచి కట్టరు తియ్యాలంటే రోలరు చుట్టూ తిరిగి చూసొచ్చినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి. నెలాఖరుకి కొత్తవాళ్ళ కాగితాలు బల్ల మీదికొచ్చినప్పుడు, చీమ కాగితం మీద మేనేజరు అన్నిటికన్నా ముందు సంతకం పెట్టాడు. ఆ సంగతి ఆయనే ఎవరితోనో అంటే మేస్త్రీ విన్నాడు.

ఆఖరి రోజు వచ్చింది. టీలు, బిస్కెట్లు అయ్యాయి. మేస్త్రీ తన పది చుక్కల తాళం కొక్కెం నుంచి తీసి జేబులో వేసుకున్నాడు. మనిషి వెళ్ళిపోతే తాళం కూడా మనిషితోనే వెళ్ళాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇంట్లో దేనికి వేస్తావని కుట్టక్క అడిగింది. నా నోటికే అన్నాడు. నోటికొద్దు, సమయానికి తెరుచుకోవాల్సింది అదే అంది కుట్టక్క.

అప్పుడు తెల్ల దుప్పటి తెచ్చి విప్పారు. ఒక అంచు పొడుగు పట్టుకున్నాడు, ఇంకో అంచు చీమ. పొడుగు పట్టిన అంచు ఆకాశంలో, చీమ పట్టిన అంచు నేలమీద. అందరూ నవ్వుతుంటే పొడుగు మోకాళ్ళు వంచాడు. అక్షరాలు సమానంగా నిలబడ్డాయి.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఒకే ఒక్క గీత."

మేస్త్రీ దగ్గరికెళ్ళి వేళ్ళతో తడిమి చూశాడు. కొత్త ఎర్రదారం కింద, విప్పేసిన పాత అక్షరాల సూది రంధ్రాలు వరసగా తగిలాయి.

"రెండు రాత్రులు విప్పాను. ఎంత నొక్కి ఇస్త్రీ చేసినా ఆ రంధ్రాలు పోలేదు తమ్ముడూ. ఏమనుకోకు" అంది కుట్టక్క.

"కనపడనీ అక్కా" అన్నాడు మేస్త్రీ.

దుప్పటి మడతపెట్టి ఆయన చేతికిచ్చారు. గుమ్మందాకా సాగనంపడానికి వచ్చిన నలుగురు కొత్తవాళ్ళని అక్కడే వరసగా నిలబెట్టాడు. దుప్పటి చంకలో పెట్టుకుని, చేతులు చాపమన్నాడు. ఈసారి వాళ్ళవి. పొడుగు దగ్గర మొదలుపెట్టి చీమ దగ్గర ముగిస్తూ, పైకి, వినపడేట్టు, నలభైదాకా లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. అప్పుడు మెట్లు దిగాడు, కుడి మోకాలిని ముందు దించి, కడ్డీ పట్టుకుని, జాగ్రత్తగా.